ఆ మూడు రంగులకి అర్థం ఎవరు చెప్పారు?

"జాతీయ జెండా రంగులకి అర్థమేంటో రాజ్యాంగ సభ తీర్మానంలో ఎక్కడా లేదు మావయ్యా. ఒక్క ముక్క కూడా లేదు."

విజయవాడలో, బందరు రోడ్డుకి రెండు సందుల అవతలున్న ఆ ఇంట్లో ఈ మాట అనడమంటే కయ్యానికి కాలు దువ్వడమే. ఆ మావయ్య హైస్కూల్లో దశాబ్దాలపాటు చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. ఆగస్టు వస్తే చుట్టుపక్కల బళ్లవాళ్లు పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని ఆయన్నే పిలుస్తారు. కాషాయం త్యాగానికి, తెలుపు శాంతికి, పచ్చ పాడిపంటలకి అని ఆయన చెప్పిన వాక్యం ఎన్ని వందలమంది పిల్లల నోట తిరిగిందో లెక్క లేదు. ఎదురుగా కాళ్లు ముడుచుకుని కూర్చున్న మేనకోడలు బెంగళూరులో కంపెనీలకి లోగోలు గీసే డిజైనరు. రంగులకి అర్థాలు అంటగట్టడం ఆమెకి వృత్తి. కాబట్టే ఆ అర్థాల మీద ఆమెకి నమ్మకం తక్కువ.

"తీర్మానం మొత్తం చదివాను. మీరూ చదివే ఉంటారు" అంది.

1947 జులై 22న జవహర్‌లాల్ నెహ్రూ సభలో ప్రవేశపెట్టిన ఆ తీర్మానం నిజంగానే చాలా పొట్టిది. జెండాకి అడ్డంగా మూడు పట్టీలు: ముదురు కాషాయం, తెలుపు, ముదురు ఆకుపచ్చ. మూడూ సమానం. తెల్ల పట్టీ నడుమ, చరఖాకి ప్రతీకగా, ముదురు నీలం చక్రం. ఆ చక్రం రూపు సారనాథ్ అశోక సింహస్తంభం పీఠం మీది చక్రానిది. వ్యాసం ఇంచుమించు తెల్ల పట్టీ వెడల్పంత. జెండా వెడల్పుకీ పొడవుకీ నిష్పత్తి మామూలుగా 2:3. అయిపోయింది.

"టైలరుకి కొలతలు చెప్పినట్టుంది" అంది మేనకోడలు. "త్యాగం లేదు, శాంతి లేదు, పాడిపంటలు అసలే లేవు."

"అదే రోజు, అదే సభలో రాధాకృష్ణన్‌గారు లేచి అర్థం చెప్పారు కదమ్మా" అన్నారు మాస్టారు. కాషాయం నిస్సంగత్వానికి, నాయకులు సొంత లాభం చూసుకోకూడదన్న దానికి. తెలుపు సత్యమార్గపు వెలుగుకి. ఆకుపచ్చ మనకీ మట్టికీ ఉన్న సంబంధానికి, తక్కిన ప్రాణులన్నిటికీ ఆధారమైన చెట్టూచేమకి. చక్రం ధర్మానికి, ఆగని కదలికకి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన మనిషి చెప్పిన మాటలు కాబట్టి మాస్టారికి అవి ఇంట్లోవాళ్లు చెప్పిన మాటల్లాగే కంఠతా వచ్చు.

"అది ఉపన్యాసం మావయ్యా. సభ ఆమోదించింది తీర్మానాన్ని. ఉపన్యాసాలకి ఎవరూ ఓటెయ్యరు."

ఇక్కడ ఆమెని తప్పుపట్టడం కష్టం. బడిపుస్తకాల్లో మనం చదువుకున్న అర్థం నిజానికి రెండు ఊళ్ల నుంచి వచ్చి కలిసిన సరుకు. కాషాయానికి ధైర్యం, త్యాగం అన్నదీ, తెలుపుకి శాంతి, సత్యం అన్నదీ 1931లో బొంబాయిలో కాంగ్రెస్ చెప్పినవి. అదే బొంబాయి తీర్మానంలో ఆకుపచ్చకి చెప్పిన అర్థం పాడిపంటలు కాదు, విశ్వాసం, శౌర్యం. పచ్చటి నేల సంగతి పదహారేళ్ల తరవాత ఢిల్లీలో రాధాకృష్ణన్ మాటల్లోంచి వచ్చి చేరింది. ఈ రెండూ ఎప్పుడు కలిసిపోయాయో ఎవరూ గమనించలేదు. గమనించాల్సిన అవసరమూ పిల్లలకి రాలేదు, మార్కులు పడుతున్నాయి కాబట్టి.

మాస్టారు మాత్రం తగ్గలేదు. "తీర్మానంలో అర్థం రాయకపోవడం మరిచిపోయి కాదు. అంతకుముందు పాతికేళ్లపాటు రాసి, రాసినందుకు తలబొప్పి కట్టి, ఈసారి కావాలని మానేశారు. ఆ కథ తెలియకుండా అర్థం లేదంటే ఎలా?"

ఆ కథ మొదలైంది వాళ్లు కూర్చున్న ఊళ్లోనే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. అప్పటికే బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య జెండా పట్టుకుని కాంగ్రెస్ నాయకుల చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతున్నాడు. 1916లోనే భారతదేశానికి ఒక జాతీయ పతాకం కావాలంటూ ముప్పై నమూనాలతో ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. పత్తి మీద చేసిన పరిశోధనకి పత్తి వెంకయ్య, జపనీస్ భాష నేర్చినందుకు జపాన్ వెంకయ్య, వజ్రాల గనుల శాస్త్రం తెలిసినందుకు డైమండ్ వెంకయ్య అని పేర్లు తెచ్చుకున్న మనిషి. మామూలు ఉత్సాహపరుడు కాడు. అయినా గాంధీకి ఆ నమూనాలు పట్టలేదు. ఆ సంగతి గాంధీ దాచుకోలేదు కూడా. వెంకయ్య పట్టుదల మెచ్చుకోదగ్గదే కాని, ఆ బొమ్మల్లో జాతిని కదిలించేదేదీ తనకి కనిపించలేదని ఆ నెలలోనే యంగ్ ఇండియాలో రాశాడు.

"మరి గాంధీని కదిలించిందేంటి?" అడిగింది మేనకోడలు. జవాబు తెలిసే అడిగింది.

చరఖా. జలంధర్‌కి చెందిన లాలా హంసరాజ్ స్వరాజ్య పతాకం మీద రాట్నం ఉండాలన్నాడు. ఆ మాట గాంధీ మనసుకి హత్తుకుంది. బెజవాడలో వెంకయ్యని పిలిచి, ఎరుపూ ఆకుపచ్చా నేల మీద చరఖా వేసి ఇమ్మన్నాడు. ఎరుపు హిందువులకి, ఆకుపచ్చ ముస్లింలకి. మూడు గంటల్లో జెండా గాంధీ చేతిలో ఉంది. అయినా కాస్త ఆలస్యమైంది. సమావేశం ముందు పెట్టడానికి వేళ మించిపోయింది. ఆలస్యమైనందుకు గాంధీ సంతోషించాడు. ఈలోగా ఆయనకి తట్టిందేమిటంటే, తక్కిన మతాలవాళ్ల మాటేమిటి? అందుకని తెలుపు చేర్చాడు.

చేర్చడంతో ఆగలేదు. వరస కూడా ఆయనే పెట్టాడు. అన్నిటికంటే పైన తెలుపు, అంటే సంఖ్యలో అతి తక్కువమంది, నడుమ ఆకుపచ్చ, అన్నిటికంటే కింద ఎరుపు, ఎక్కువమంది. బలమున్నవాళ్లు బలహీనులకి డాలుగా నిలబడాలని భావం. మూడు పట్టీలూ ఒకే కొలత, మూడింటి మీదుగా పెద్ద చరఖా, జెండా బట్ట తప్పనిసరిగా ఖద్దరు.

"చూశావా!" మాస్టారి గొంతు పెరిగింది. "రంగులోనే కాదు, ఏ రంగు ఎక్కడుండాలన్న దాంట్లోనూ అర్థముంది. మీ లోగోల్లో ఇంత ఆలోచన ఉంటుందా?"

"ఉంటుంది మావయ్యా. క్లయింటు ఒప్పుకోడు, అంతే. అక్కడా ఒప్పుకోలేదుగా."

నిజం. ఆ జెండాని కాంగ్రెస్ లాంఛనంగా ఎప్పుడూ ఆమోదించలేదు. ఆమోదం లేకుండానే అది పదేళ్లు ఊరూరా తిరిగింది. 1923లో నాగపూర్‌లో దాన్ని పట్టుకుని సివిల్ లైన్స్ వైపు నడవనివ్వకపోతే పెద్ద సత్యాగ్రహమే జరిగింది. జమ్నాలాల్ బజాజ్ జైలుకెళ్లాక వల్లభ్‌భాయ్ పటేల్ వచ్చి నడిపించాడు. జనం జెండా కోసం జైలుకి వెళుతుంటే, పెద్దలు ఆ జెండాకి చెప్పిన అర్థం దగ్గర కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఎరుపు హిందువులకి, పచ్చ ముస్లింలకి అన్నాక, మా రంగేదని సిక్కులు అడిగారు. అడగరా మరి! తెలుపులో అందరితోపాటు కలిసి ఉండండంటే వాళ్లకి నచ్చలేదు. ఒక్కో మతానికి ఒక్కో రంగు పంచడం మొదలెడితే ఏ బట్టా చాలదని అప్పుడు తెలిసింది.

1931 ఏప్రిల్‌లో కరాచీలో ఏడుగురితో సంఘం వేశారు. పటేల్, నెహ్రూ, మౌలానా ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, హార్డికర్, కన్వీనరుగా బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఆ సంఘం ఊరూరి అభిప్రాయాలు తెప్పించుకుని చెప్పిందేమిటో వింటే ఇవాళ చాలామంది నమ్మరు: మూడు రంగులు వద్దు, ఒకటే రంగు చాలు. జెండా మొత్తం కేసరి రంగు, పైమూల చరఖా.

"ఆజాదూ, తారాసింగూ, నెహ్రూ ఉన్న సంఘం కాషాయ జెండా అడిగిందా?" అని వంటింటి గుమ్మంలోంచి అత్తయ్య ఆశ్చర్యపోయింది.

"అడిగింది. ఎందుకంటే ఆ రంగుకి ఏ మతంతోనూ పని లేదనీ, ఈ దేశానికి పాతదనీ వాళ్లనుకున్నారు" అన్నారు మాస్టారు. "ఇప్పుడు ఆ రంగంటే మనకి గుర్తొచ్చేది వేరు. అప్పటివాళ్ల లెక్క వేరు."

ఆ మాట ఆయన నోరు జారింది. మేనకోడలు చటుక్కున పట్టుకుంది. "అంటే రంగుకి అర్థం కాలాన్ని బట్టి మారిందని మీరే ఒప్పుకున్నారు."

మాస్టారు కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

ఆ ఆగస్టులో బొంబాయిలో కాంగ్రెస్ కమిటీ ఒంటిరంగు జెండాని పక్కన పెట్టింది. మూడు రంగులే ఉంచింది కాని ఎరుపు తీసి కాషాయం పెట్టింది, దాన్ని పైకి తెచ్చింది, తెలుపుని నడుమకి దింపి దాని మీద చరఖా వేయించింది. ఆ వెంటనే తీర్మానంలో ఒక షరతు: ఈ రంగులకి మతపరమైన అర్థం లేదు. ధైర్యం, త్యాగం, శాంతి, సత్యం, విశ్వాసం, శౌర్యం అని గుణాలు చెప్పింది. చరఖా ప్రజల ఆశకి గుర్తంది. అంటే పాత అర్థాన్ని చెరిపెయ్యడానికి కొత్త అర్థం రాశారు. అదే బట్ట, దాదాపు అవే రంగులు. బలమున్నవాడు కింద ఉండి మోయాలన్న 1921 నాటి వరస మాత్రం పోయింది. ఆ వరస పోయిందని బాధపడ్డవాళ్లు పెద్దగా కనిపించరు. ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా అందమైన ఆలోచన అదేననిపిస్తుంది, అన్నిటికన్నా తొందరగా మరుగున పడిందీ అదే.

"అందుకే నేననేది" అంది మేనకోడలు, ఈసారి కాస్త నెమ్మదిగా. "బొమ్మ ముందు వస్తుంది. అర్థం తరవాత ఎవరో రాస్తారు. కావాలంటే తుడిచేసి మళ్లీ రాస్తారు. చాద్ దేశం జెండా, రుమేనియా జెండా పక్కపక్కన పెట్టండి. నీలం, పసుపు, ఎరుపు నిలువు పట్టీలు. ఎక్కడో ఆఫ్రికా, ఎక్కడో యూరప్. వాళ్ల కథలు వేరు, బట్ట ఒకటే. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కి వెళ్లాక హైతీ, లీచెన్‌స్టైన్ దేశాలకి తెలిసింది, తమ జెండాలు రెండూ ఒకేలా ఉన్నాయని. మరుసటేడు లీచెన్‌స్టైన్ వాళ్లు ఓ కిరీటం బొమ్మ వేసుకున్నారు. నైజర్ చూడండి. పైన నారింజ, నడుమ తెలుపు, కింద పచ్చ, మధ్యలో గుండ్రంగా బొమ్మ. దూరం నుంచి చూస్తే మనదే అనుకుంటారు. వాళ్ల నారింజ ఎడారికి. త్యాగానికి కాదు."

"ఐర్లండ్ సంగతి చెప్పవేం?" అన్నారు మాస్టారు. "అక్కడ పచ్చ ఒక వర్గానికి, నారింజ ఇంకో వర్గానికి, నడుమ తెలుపు వాళ్లిద్దరికీ సంధి. 1848 నుంచీ ఆ అర్థం పట్టుకునే ఉన్నారు. అర్థం ముందు, బట్ట తరవాత. అలాంటివీ ఉన్నాయి."

ఐర్లండ్ మాట ఆమెకి సూటిగా తగిలింది. కాని ఆ సంధిని అందరూ ఒప్పుకున్నారా అని అడగబోయి ఎందుకో మానేసింది.

అత్తయ్య ఈలోగా కాఫీ తెచ్చి పెట్టి అక్కడే కూలబడింది. ఆమె పుట్టిల్లు వరంగల్. "మీ ఇద్దరి లెక్కలూ నాకు తెలియవు గాని, మా కోటలో బత్తుల మొగిలయ్యని చంపినప్పుడు జెండా మీద ఏముందో చెప్పండి" అంది.

1946 ఆగస్టు సంగతి. వరంగల్ కోటలో కాంగ్రెస్ జెండా ఎగరేసినందుకు రజాకార్లు మీదపడ్డారు. మొగిలయ్య ప్రాణం పోయింది. నిజాం రాజ్యంలో ఆ మూడు రంగులు నేరం. అప్పటికి జెండా మీద ఉన్నది చరఖా. అశోక చక్రం ఇంకా రాలేదు. అంతకు పదహారేళ్ల ముందు, 1930లో, బందరు కోనేరు సెంటర్లో జెండా ఎగరేయడానికి స్తంభమెక్కిన తోట నరసయ్య నాయుడిని పోలీసులు స్పృహ తప్పేదాకా కొట్టారు. అప్పటి జెండాలో కాషాయం కూడా లేదు. తెలుపు, పచ్చ, ఎరుపు. కృష్ణా జిల్లాలో ఆయన పేరు తెలిసిన తరం ఇప్పుడు పలచబడింది గాని, మాస్టారు ప్రతి ఆగస్టులోనూ చెబుతారు.

"దెబ్బ తిన్నవాడు కాషాయానికి నిర్వచనం అడిగి తిన్నాడా?" అంది అత్తయ్య.

ఆ ప్రశ్న ఇద్దరినీ ఇబ్బంది పెట్టింది. మేనకోడలికి అది అనుకూలంగా కనిపించింది: అర్థం తెలియకపోయినా మనుషులు జెండా ఎత్తారు. మాస్టారికీ అనుకూలంగానే కనిపించింది: అర్థమే లేని బట్ట కోసం ఎవడూ అంత దూరం వెళ్లడు. ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచి ఆగారు.

చివరికి మాటని చక్రం మీదికి మళ్లించింది మేనకోడలే. డిజైనరుగా ఆమెకి మొత్తం జెండాలో బాగా నచ్చిన నిర్ణయం అది. నెహ్రూ సభలో చెప్పిన కారణం ఏ స్టూడియోలోనైనా చెప్పుకునేంత శుభ్రమైనది. చరఖాలో చక్రంతోపాటు కదురు ఉంటుంది. జెండాని ఒకవైపు నుంచి చూస్తే కదురు కుడివైపుంటే, రెండోవైపు నుంచి ఎడమవైపు కనిపిస్తుంది. గాలికి ఎగిరే వస్తువుకి రెండు మొహాలుంటాయి కాబట్టి, రెండు వైపులా ఒకేలా ఉండే బొమ్మ కావాలి. పరాగ్వే లాంటి దేశం రెండు వైపులా వేరువేరు బొమ్మలు వేసుకుని ఆ తంటా పడుతూనే ఉంది. మనవాళ్లు కదురు తీసేసి చక్రం ఉంచారు. చక్రాలు సవాలక్ష రకాలు కాబట్టి అందులో పేరున్నదాన్ని, సారనాథ్‌లో 1904-05 తవ్వకాల్లో బయటపడ్డ స్తంభం మీదిదాన్ని ఎంచుకున్నారు.

"గాంధీకి నచ్చలేదు" అన్నారు మాస్టారు.

"నచ్చలేదు. చరఖా లేని జెండాకి తాను వందనం చెయ్యనని ఆగస్టు మొదటివారంలో అన్నాడు."

"అశోకుడి చక్రంలో చరఖాని చూసుకోవచ్చని కూడా అన్నాడు. మనిషి అలిగాడు, సర్దుకున్నాడు."

ఇక్కడ ఇద్దరూ ఓ చిత్రమైన చోటికి చేరారు. తీర్మానంలో దేనికీ అర్థం లేదని మొదలెట్టింది మేనకోడలు. కాని అర్థం చెప్పిన చోటు ఒకటుంది: చక్రం. 'చరఖాకి ప్రతీకగా' అని రాసుంది. రూపం అశోకుడిది, అర్థం రాట్నానిది. ఇవాళ వీధిలో పదిమందిని నిలబెట్టి అడిగితే తొమ్మిదిమంది ధర్మచక్రం అంటారు, చరఖా పేరెత్తేవాడు దొరికితే అదృష్టం. సభ రాసిన ఒకే ఒక్క అర్థాన్ని జనం మరిచిపోయారు. సభ రాయని అర్థాలన్నిటినీ గుర్తుపెట్టుకున్నారు.

ఇరవై నాలుగు ఆకుల సంగతీ అంతే. ఇరవై నాలుగు గంటలని కొందరు, ఇరవై నాలుగు సద్గుణాలని కొందరు పట్టికలు రాసి పంపుతుంటారు. తీర్మానంలో ఆకుల లెక్కే లేదు. సారనాథ్ పీఠం మీది చక్రానికి ఇరవై నాలుగున్నాయి కాబట్టి ఇక్కడా ఇరవై నాలుగు. ఇదే తీర్మానం మీద హెచ్.వి. కామత్ ఒక సవరణ నోటీసిచ్చాడు, చక్రం లోపల స్వస్తిక్ గుర్తు ఉండాలని. నమూనా చూశాక అందులో ఇంకేదీ ఇమడదని తనే వెనక్కి తీసుకున్నాడు. ఆ ఒక్క వెనకడుగుకి డిజైనర్లంతా ఆయనకి రుణపడి ఉండాలని మేనకోడలి అభిప్రాయం.

"ఇంతమంది చేతులు పడ్డాక దీన్ని వెంకయ్యగారు డిజైన్ చేశారని మీరెలా చెబుతారు?" అని ఆమె అడిగిన తీరులో వెటకారం లేదు. "చరఖా హంసరాజ్‌ది, తెలుపు గాంధీది, కాషాయం, వరస బొంబాయివాళ్లవి, చక్రం ఢిల్లీది. ఆ చివరి రూపానికి సురయ్యా తయ్యబ్జీ, బద్రుద్దీన్ తయ్యబ్జీ దంపతుల పేరు చెప్పేవాళ్లున్నారు. తీర్మానంలో మాత్రం ఎవరి పేరూ లేదు."

మాస్టారికి ఇది కొత్త ప్రశ్న కాదు. "జెండా ఉండి తీరాలని కాంగ్రెస్ మహాసభలకి ఏటా వెళ్లి, నాయకులు విసుక్కున్నా వదలకుండా పోరిందెవరు? బొమ్మ సంగతి పక్కన పెట్టు. ఆ పోరే లేకపోతే గాంధీ బెజవాడలో ఎవరిని పిలిచేవాడు?" అన్నారు. తపాలాశాఖ 2009లో వెంకయ్య పేర స్టాంపు వేసింది. రూపకర్త అనే పేరు మీద పేచీ ఉండొచ్చు గాని, ఆ పట్టుదల మీద పేచీ లేదు. నిజానికి గాంధీ మెచ్చుకున్నదీ దాన్నే.

సభలో ఆ రోజు మాట్లాడినవాళ్లలో జైపాల్ సింగ్ గురించి ఇద్దరికీ ఒకే అభిప్రాయం ఉంది. ఛోటానాగపూర్ ఆదివాసీల తరఫున లేచి, జెండా ఎగరేయడం, దానికోసం పోరాడటం మాకేం కొత్త కాదన్నాడు. మా ఊళ్లకి సొంత జెండాలున్నాయి, ఒకరి జెండాని మరొకరు అనుకరిస్తే నెత్తురు పారుతుంది, ఇకనుంచి మాకు రెండు జెండాలు అని చెప్పాడు. మూడు రంగులకి భాష్యాలు చెబుతున్నవాళ్ల నడుమ, జెండా అంటే ఎవరిదో తెలిపేది అని సూటిగా చెప్పింది ఆయనే. అర్థం గురించి ఆయనకి బెంగ లేదు.

అందుకే తీర్మానంలోని మౌనం విషయంలో మాస్టారి మాటకే బలమెక్కువ. 1921లో అర్థం రాస్తే వాటాలు అడిగారు. 1931లో గుణాలు రాస్తే ఆ గుణాల వెనక మతాలున్నాయని వెతికారు. 1947 జులై అంటే దేశం రెండుగా చీలుతున్న నెల. ముస్లిం లీగ్ సభ్యులు కూడా ఉన్న సభ అది. ఆకుపచ్చ అంటే ఫలానా అని ఆ రోజు తీర్మానంలో రాసుంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. రాయలేదు. చౌధురి ఖలీకుజ్జమాన్ లేచి తీర్మానాన్ని బలపరిచాడు. ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకున్నారు, చేతులు మాత్రం కలిసి ఎత్తారు. దక్షిణాఫ్రికా 1994లో ఇదే పని బాహాటంగా చేసింది. ఫ్రెడరిక్ బ్రౌనెల్ గీసిన ఆరు రంగుల జెండాని స్వీకరించి, రంగులకి అందరికీ వర్తించే అర్థమేదీ అంటగట్టవద్దని ప్రభుత్వమే చెప్పింది. మేనకోడలు తన వాదానికి తురుపుముక్కగా దాచుకున్న ఉదాహరణ అది. బయటికి తీసేసరికి మాస్టారి చేతిలో పడింది.

"అయితే మీ స్కూలు పిల్లలకి ఇకనుంచి ఏం చెబుతారు?" అంది.

"ఇదంతా చెబుతా. అరగంట ఎక్కువ పడుతుంది, ఎండలో నిలబెడతారు పాపం."

ఇంత దూరం వచ్చాక వాదం ముగియాలి. ముగియలేదు, పక్షాలు మారింది. కారణం బట్ట.

మన దేశంలో వస్తువుల నాణ్యతకి వేసిన ప్రమాణాల్లో ఒకటో నంబరు జాతీయ జెండాది. ఐఎస్ 1, 1951. సిమెంటు కన్నా, ఇనుము కన్నా ముందు. రంగు ఎంత ముదురుండాలో, ఎంత తేడా చెల్లుతుందో, ఉతికితే ఎంత నిలవాలో, మొత్తం తొమ్మిది సైజుల్లో చక్రం వ్యాసం ఎంతో అన్నీ అంకెల్లో ఉంటాయి. 6300 మిల్లీమీటర్ల పొడవున్న పెద్ద జెండా నుంచి బల్ల మీద పెట్టే 150 మిల్లీమీటర్ల దాకా. బట్ట చేత్తో వడికి చేత్తో నేసిన ఖద్దరే: నూలు గాని, ఉన్ని గాని, పట్టు గాని. హుబ్లీ దగ్గర బెంగేరిలోని ఖాదీ సంఘం ఆ లెక్క ప్రకారం చాలాకాలంగా జెండాలు కుడుతోంది. 2021 డిసెంబరు 30న పతాక స్మృతిని సవరించి మరమగ్గం బట్టనీ, పాలియెస్టర్‌నీ కూడా అనుమతించారు. మరుసటేడు ఇంటింటా జెండా అన్నారు.

అర్థాలు లేవని పొద్దుటినుంచీ వాదిస్తున్న మేనకోడలే దీనికి భగ్గుమంది. "తీర్మానం రాసిన ఒక్క అర్థం చరఖా. ఆ చరఖా బొమ్మలో లేదు, చక్రంగా మారింది. సరే. బట్టలో అన్నా మిగిలింది కదా అనుకున్నాం. జెండా మీద చూపించనక్కరలేదు, జెండానే వడికిన నూలు. అంతకన్నా మంచి డిజైన్ ఏముంటుంది మావయ్యా? దాన్ని మిల్లులో అచ్చుగుద్ది అమ్ముతున్నారు."

అర్థమే ప్రాణమని వాదిస్తున్న మాస్టారు తల అడ్డంగా ఊపారు. 2002కి ముందు మామూలు మనిషి ఇంటి మీద ఏడాది పొడుగునా జెండా ఎగరేసే వీలే లేదనీ, ఆగస్టు 15, జనవరి 26 లాంటి కొన్ని రోజులు తప్ప అది సర్కారు భవనాల సొత్తుగానే ఉండేదనీ గుర్తుచేశారు. నవీన్ జిందాల్ తన ఫ్యాక్టరీ మీద జెండా ఎగరేసుకునే హక్కు కోసం కోర్టుకెళితే, 2004లో సుప్రీంకోర్టు అది భావప్రకటనా స్వేచ్ఛలో భాగమని తేల్చాల్సి వచ్చింది. "హక్కు వచ్చింది. కొనే స్తోమత? ప్రమాణం ప్రకారం కుట్టిన ఖద్దరు జెండా రేటెంతో చూశావా? మా వీధిలో ఇస్త్రీ బండివాడు కట్టుకున్నది పాలియెస్టర్‌ది. వాణ్ణి తీసెయ్యమనమంటావా?"

"అనను. కాని ఆగస్టు పదహారున అది ఏ మురిక్కాలవలో ఉంటుందో మీకు తెలుసు. నూలుదైతే మట్టిలో కలుస్తుంది."

"నూలుదైనా కాలవలో వెయ్యకూడదు. మర్యాదగా, నలుగురి కంట పడకుండా కాల్చెయ్యాలని పతాక స్మృతిలోనే ఉంది."

"పాలియెస్టర్ కాలిస్తే పొగ ఎలా ఉంటుందో చూశారా మీరు?"

మాస్టారు ఖద్దరు జెండాల సంగతి మాట్లాడటానికి బెంగేరి సంఘంవాళ్ల ఫోన్ నంబరు దొరుకుతుందా అని అడిగారు. మేనకోడలు ఫోను తీసి వెతకడం మొదలెట్టింది. వెతుకుతూనే, బళ్లన్నిటికీ ప్రభుత్వమే ఖద్దరు జెండా కొనివ్వాలి గాని ఇస్త్రీ బండివాడి మీద భారం వెయ్యకూడదంది. దానికి మాస్టారు ఒప్పుకున్నారు గాని, అలా కొనిచ్చేంత నూలు వడికేవాళ్లు ఈ రోజుల్లో ఎంతమంది మిగిలారో ముందు కనుక్కోమన్నారు.